ముప్ఫై ఒక్క దయ్యాలతో పందెం

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఒడిశాలోని గుణుపురం. నా వయసు 23. బరంపురంలో డిగ్రీ పూర్తయ్యాక ఇంటికి వచ్చేసి సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెప్తున్నాను. మొన్న వినాయక చవితికి అందరం కలిసినప్పుడు పర్లాకిమిడిలో ఉండే మా మేనత్త కొడుకు ఒక పందెం వేశాడు. అక్టోబరు నెలలో రోజుకొకటి చొప్పున 31 హారర్ సినిమాలు చూడాలి, నెలంతా ఒకటే థీమ్ ఉండాలి. ఓడినవాళ్ళు అందరికీ బిర్యానీ పెట్టాలి. రాయగడలో ఉన్న మా పెద్దమ్మ కూతురు కూడా చేరింది. థీమ్ చేతబడి పెడదామని బావ అంటున్నాడు. అలవాటు కావాలని ముందుగా రెండు మూడు సినిమాలు చూశాను. అప్పట్నుంచి రాత్రిపూట పెరట్లో బాత్రూమ్‌కి వెళ్ళాలంటే కాళ్ళు ఆడటం లేదు. బావకు చెప్తే నవ్వుతాడు. ఇంట్లో టీవీ ఒక్కటే, అది హాల్లో ఉంది, మామ్మ అక్కడే పడుకుంటుంది. అమ్మది శ్రీకాకుళం. కార్తీకం వస్తుంటే ఇంట్లో ఈ దయ్యాల గోలేంటని తిడుతోంది. ఏడో తరగతి తమ్ముడు నేనూ చూస్తానని పేచీ పెడుతున్నాడు. మా వీధి చివర ఒక ముసలామె ఒక్కతే ఉంటుంది. బావ వచ్చినప్పుడల్లా ‘మన సినిమాలో హీరోయిన్ ఈవిడే’ అంటాడు, సరదాకే లెండి. పందెం మానెయ్యాలని లేదు. ఏ థీమ్ పెట్టుకోమంటారు? భయం తగ్గేదెలా? అమ్మను ఎలా ఒప్పించాలి?

గుణుపురం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మాయీ, పందెం మానమని నేను చెప్పను. దయ్యాల సినిమాలు నాకూ ఇష్టమే, అందులోనూ పాతవంటే మరీను. కానీ ఆ 31 మాత్రం వదిలెయ్.

ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో బావకు తెలుసో లేదో. అమెరికాలో అక్టోబరు 31న హాలోవీన్ అనే దయ్యాల పండగ. నెల మొదటి తేదీ నుంచి రోజుకో హారర్ సినిమా చూసి ఆ రాత్రికి ముగించడం అక్కడి సినిమా పిచ్చివాళ్ళ అలవాటు. ‘టెక్సాస్ చైన్‌సా మాసకర్’ (1974) తీసిన టోబీ హూపర్ పేరు కలిసొచ్చేలా ‘హూప్‌టోబర్’ అని ఒక పందెమే ఉంది. దాని షరతులు తమాషాగా ఉంటాయి. ఇన్ని దేశాల సినిమాలు ఉండాలి, ఇన్ని దశాబ్దాలవి ఉండాలి, హూపర్ సినిమా ఒక్కటైనా ఉండి తీరాలి. ఆట మజా అంతా ఆ షరతుల్లోనే ఉంది. మీ బావ షరతులు అక్కడే వదిలేసి అంకె ఒక్కటీ పట్టుకొచ్చాడు.

మన సినిమా రెండున్నర గంటలు వేసుకున్నా 31 సినిమాలంటే 77 గంటలు దాటుతుంది. నీ ట్యూషన్లు అయ్యేసరికి ఏడు, ఏడున్నర. తర్వాత మామ్మ సీరియళ్ళు, భోజనాలు, గిన్నెలు. రిమోట్ నీ చేతికి వచ్చేసరికి పది. సినిమా అయ్యేసరికి పన్నెండున్నర. ఇలా వారం గడిచిందంటే నువ్వు సినిమా చూడవు, హాజరు వేయించుకుంటావు. పాట రాగానే ముందుకు జరిపేస్తావు, మధ్యలో వాట్సాప్ చూస్తావు, దసరా నాటికి ఏ దయ్యం ఏ బంగళాలో ఉందో నీకే కలగాపులగం అవుతుంది. శని ఆదివారాలు పెట్టుకోండి. నెలకు ఎనిమిదో, తొమ్మిదో, పదో వస్తాయి. అన్ని చాలు.

ఇక థీమ్. చేతబడి సంగతి తర్వాత మాట్లాడతాను, దాని మీద నాకు వేరే కోపం ఉంది. నేనిచ్చే థీమ్ ఇది: పొరుగు భాష మాట్లాడే దయ్యం.

1993లో ఫాజిల్ మలయాళంలో ‘మణిచిత్రతాళు’ తీశాడు. పాత బంగళా, తాళం వేసిన గది, ఎప్పుడో చంపబడిన నాగవల్లి అనే నర్తకి. ఈ నాగవల్లి మలయాళీ కాదు, తంజావూరు నుంచి తీసుకొచ్చిన తమిళ పిల్ల. అప్పటిదాకా చక్కగా మలయాళం మాట్లాడుతున్న ఇంటి కోడలు గంగ నోటి వెంట ఉన్నట్టుండి తమిళం వస్తుంది. గంగగా వేసిన శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఆ తమిళం మొదలయ్యే సన్నివేశం చూస్తే ఎందుకిచ్చారో ఎవరూ చెప్పక్కర్లేదు. గొంతు కాదు, మెడ మారుతుంది ముందు.

అదే కథను 2004లో పి. వాసు కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా తీశాడు. అక్కడ దయ్యం తెలుగుదైంది. మన సౌందర్య కన్నడ ఇంట్లో ‘రా రా’ అని తెలుగులో పిలుస్తుంది. ఆ సినిమా విడుదలయ్యేనాటికి సౌందర్య లేదు, అది తెలిసి చూస్తే ఆ పాట ఇంకోలా వినిపిస్తుంది. 2005లో వాసే తమిళంలో ‘చంద్రముఖి’ తీశాడు. నర్తకి మళ్ళీ తెలుగు పిల్లే, పాట మళ్ళీ ‘రా రా’. మరి ఆ సినిమాను తెలుగులోకి డబ్బింగ్ చేసేటప్పుడు ఏం చెయ్యాలి? తెలుగువాళ్ళ ఇంట్లో తెలుగు మాట్లాడితే అది దయ్యం అని ఎవరు నమ్ముతారు? అందుకని మన చంద్రముఖి తమిళం అందుకుంది. ‘వారాయ్’ అని జ్యోతిక కళ్ళు ఇంతలేసి చేసుకుని చూస్తే మన పిల్లలు హాల్లో అమ్మల చీర కొంగుల్లో దూరారు. 2007లో ప్రియదర్శన్ హిందీలో ‘భూల్ భులయ్యా’ తీశాడు. అక్కడ మంజులిక బెంగాలీ ఆమె, పాట ‘ఆమి జే తోమార్’. ఈ ప్రియదర్శన్, ఫాజిల్ సినిమాకు రెండో యూనిట్ దర్శకుల్లో ఒకడుగా పని చేసినవాడే. పద్నాలుగేళ్ళు పోయాక అదే గది తాళం మళ్ళీ తీశాడన్నమాట.

చూశావా, కథ ఒకటే. ఇల్లు ఏ భాషదైనా దయ్యం మాత్రం పక్కింటి భాషే ఎత్తుకుంది. ఫ్రెంచి మాట్లాడించవచ్చు కదా? మాట్లాడిస్తే ముక్క అర్థం కాక నవ్వొస్తుంది. పొరుగు భాష అయితే సగం అర్థమవుతుంది. ఒళ్ళు జలదరించేది ఆ అర్థం కాని సగం దగ్గర అని నా ఊహ. ఊహ నిజమో కాదో తేల్చే పని మీ ముగ్గురికీ అప్పగిస్తున్నాను, ఎందుకంటే దానికి మీ ఊళ్ళకన్నా మంచి చోటు లేదు.

నీకు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, టీవీలో హిందీ. సంతరోజు కొండ దిగి వచ్చే సవర గిరిజనుల మాటలు కూడా నీ చెవిన పడుతూనే ఉంటాయి. విజయవాడలో కూర్చున్న అమ్మాయికి ఈ సౌకర్యం లేదు. మంజులిక బెంగాలీలో మాట్లాడుతుంటే ఒడియా వచ్చిన నీకు చాలా వరకు తెలిసిపోతుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన మీ అమ్మకు అంత తెలియదు. ఆ సన్నివేశం వచ్చేసరికి సబ్‌టైటిల్స్ తీసేసి ఇద్దరూ పక్కపక్కన కూర్చోండి. ముందు ఎవరు కాళ్ళు పైకి లాక్కుంటారో చూడు. మాట అర్థమైనవాళ్ళకు భయమెక్కువా, కానివాళ్ళకా? పందెం పాయింట్లు దీని మీద వేసుకోండి. ఏ సినిమాలో, ఏ భాష దగ్గర, ఎవరికి, ఎక్కడ గుండె జారిందో ఎవరికి వారు నాలుగు వాక్యాలు రాసి గ్రూపులో పెట్టాలి. భయం దాచుకున్నవాళ్ళకు సున్నా. బావకు నవ్వే అవకాశం అక్కడే పోతుంది. హారర్ సినిమా చూసి నాకేం భయం వెయ్యలేదని గొప్పలు పోవడం, విందుకెళ్ళి ఏమీ తినలేదని చెప్పుకోవడం లాంటిది.

ఇదే దారిలో ఇంకొన్ని. 2018లో వచ్చిన ‘స్త్రీ’ మధ్యప్రదేశ్‌లోని చందేరీలో జరిగే కథ. గోడ మీద ‘ఓ స్త్రీ, రేపు రా’ అని రాసి ఉంటే దయ్యం చదువుకుని వెనక్కి పోతుంది. చదువుకున్న దయ్యం, పైగా చెప్పిన మాట వినేది. బెంగళూరు వైపు ‘నాళె బా’ అని, మన ఆంధ్రా ఊళ్ళలో ‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద సుద్దముక్కతో రాసుకున్న రోజులు మీ అమ్మకు గుర్తుండే ఉంటాయి, అడుగు. ఆ పుకారు భాష మార్చుకుంటూ రాష్ట్రాలు దాటింది. నాకొచ్చే సందేహమల్లా మీ వీధిలో ఏ లిపిలో రాయాలన్నది. మీ తమ్ముడిలాంటి పిల్లలు తెలుగు మాట్లాడతారు, ఒడియా చదువుతారు. దయ్యమూ ఆ బాపతే అయితే తెలుగులో రాసి లాభం లేదు.

1992లో రామ్‌గోపాల్ వర్మ రేవతిని పెట్టి తెలుగులో ‘రాత్రి’, హిందీలో ‘రాత్’ తీశాడు. నువ్వు తెలుగుది చూడు, మీ పెద్దమ్మ కూతుర్ని హిందీది చూడమను, తర్వాత ఫోన్లో ఒకరికొకరు కథ చెప్పుకోండి. ఎవరి దయ్యం ఎక్కువ భయపెట్టిందో తేలిపోతుంది.

బయటి దేశాలవి కావాలంటే 1931 నాటి ‘డ్రాకులా’ను మించింది లేదు. అప్పటికి డబ్బింగ్ ఇంకా కుదురుకోలేదు. అందుకని పగలంతా బేలా లుగోసీతో ఇంగ్లీషు డ్రాకులా తీసి, ఆ బృందం ఇళ్ళకు వెళ్ళాక రాత్రిపూట అవే సెట్లలో వేరే నటులతో స్పానిష్ డ్రాకులా తీశారు. అదే మెట్లు, అదే సాలెగూడు, అదే పెట్టె, మనిషి వేరు. రెండూ చూసి పోల్చుకో. స్పానిష్‌ది ఇంగ్లీషుదానికన్నా అరగంట దాకా పొడుగు, అయినా నాకు అదే నచ్చుతుంది. లుగోసీ హంగేరీవాడు. అతని ఇంగ్లీషులోని ఆ వింత యాస తర్వాత ప్రపంచంలోని డ్రాకులాలందరికీ అంటుకుంది. 1897 నాటి బ్రామ్ స్టోకర్ నవలలో డ్రాకులా లండన్ వెళ్ళే ముందు, తన కోటకు వచ్చిన లాయరుతో పనిగట్టుకుని ఇంగ్లీషు మాట్లాడి తప్పులు దిద్దించుకుంటాడు. వీధిలో నడుస్తుంటే పరాయివాడని ఎవరూ అనుకోకూడదట. భువనేశ్వర్‌లో ఇంటర్వ్యూ ఉందంటే మనవాళ్ళు ఒడియా యాస సరిచేసుకునేది కూడా ఇందుకే. ఆ పేజీలు చదివిన రోజు నాకు డ్రాకులా మీద జాలి వేసింది, పరువు తక్కువైనా చెప్తున్నాను.

మీ బావ ఈ థీమ్‌కి ఒప్పుకోకపోతే అతని ఊరి సంగతే గుర్తు చెయ్. పర్లాకిమిడిలో పంతులుగా పని చేస్తూ గిడుగు రామమూర్తిగారు పక్క కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. 1931లో ఆ భాష మీద పుస్తకం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఆ ఊరి కుర్రాడికి పొరుగు భాష వింటే సరదా పుట్టకపోతే ఎలా?

ఇప్పుడు చేతబడి.

ఆ సినిమాలు ఈ మధ్య బాగా ఆడుతున్నాయి, కాదనను. ‘విరూపాక్ష’ (2023) మొదట్లోనే ఊళ్ళో పిల్లలు చనిపోతున్నారని, చేతబడి చేశారన్న అనుమానంతో ఊరంతా కలిసి ఒక జంట ప్రాణం తీస్తుంది. తర్వాత కథంతా దాని మీదే నడుస్తుంది. కూకట్‌పల్లిలో కూర్చుని చూసేవాళ్ళకు అది కథ. మీకు కాదు. చిల్లంగి పెట్టిందని, మంత్రం వేసిందని అనుమానించి మనుషుల్ని కొట్టడం, ఊరు వెళ్ళగొట్టడం, చంపడం రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో జరిగిన సంగతులే, పేపర్లో వచ్చినవే. వాళ్ళలో ఒంటరి ఆడవాళ్ళు ఎందరో. ఒడిశా ప్రభుత్వం 2013లో దీని కోసమే మంత్రగత్తెల వేట నిరోధక చట్టం తెచ్చింది. అదే ఏడాది మహారాష్ట్ర కూడా చేతబడి, నరబలి లాంటివాటి మీద చట్టం చేసింది. సరదాకి ఎవరూ చట్టాలు చెయ్యరు.

వీధి చివర ముసలామె గురించి నువ్వు ఉత్తరంలో ఒక్క వాక్యం రాసి ‘సరదాకే లెండి’ అన్నావు. నీ ప్రశ్నలన్నిటికన్నా నాకు అదే పెద్దగా కనిపించింది. మీ బావ అన్న మాట మీ ముగ్గురి దగ్గరే ఆగుతుందా? తమ్ముడు వింటాడు. వాడు బళ్ళో చెప్తాడు. ఇవాళ నవ్వుతారు. రేపు ఎవరి పిల్లకో వారం దాటినా జ్వరం తగ్గకపోతే, విన్నవాళ్ళలో ఒకడికి ఆ మాట గుర్తొస్తుంది. మాట ఎవరు మొదలుపెట్టారో అప్పుడు ఎవరూ వెతకరు. ఇంతకీ ఆవిడ చెవిన పడిందా లేదా? పడితే పొద్దుగూకగానే ఆవిడ గడియ వేసుకునేది ఏ దయ్యానికి భయపడి అనుకుంటున్నావు?

కాబట్టి థీమ్ మార్చడంతో సరిపోదు. ఆ జోకు ఇంక వద్దని బావకు తమ్ముడి ఎదుటే చెప్పు. గట్టిగానే చెప్పు, నవ్వితే నవ్వనీ. చేతబడి సినిమా ఒకటీ అరా ఎప్పుడైనా చూస్తే చూడండి గానీ, నెలంతా వరుసబెట్టి అదే చూస్తూ, అరుగు మీద కూర్చుని దాని గురించే మాట్లాడుకోవడం మీ వీధిలో వద్దు.

అమ్మ సంగతి సులువే. కార్తీకం మన తెలుగు లెక్కన దీపావళి అమావాస్య మర్నాడు మొదలవుతుంది. ఒడియా వాళ్ళకు కుమార పున్నమి మర్నాడే, అంటే మనకన్నా ఒక పక్షం ముందే వస్తుంది. మీ అమ్మది శ్రీకాకుళం లెక్క కాబట్టి నీకు పదిహేను రోజులు కలిసొచ్చాయి. ఈ మాట అమ్మతో ఈ రకంగా అనకు. అసలు అమ్మ బాధ నెల గురించి అయి ఉండదు. దీపం పెట్టే వేళకు హాల్లోంచి కెవ్వుమని కేకలు వినిపిస్తే ఏ ఇల్లాలికైనా చిరాకే. సంధ్యవేళ టీవీ జోలికి రానని, కార్తీక సోమవారాలూ పున్నమీ సినిమా ఉండదని నువ్వే ముందు చెప్పు. శని, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చూసుకుంటే మామ్మ నిద్రకూ ఇబ్బంది ఉండదు. ఆ వేళకు మామ్మ సీరియళ్ళూ ఉండవు. బిర్యానీ బాకీ మాత్రం కార్తీకం మొదలయ్యేలోపే తీర్చేసుకోండి, లేకపోతే పనసకాయ బిర్యానీతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

ఇంకో మాట కూడా అమ్మకు చెప్పి చూడు. మహాలయ పక్షంలో మనం పెద్దలకు పెట్టుకుంటాం. దీపావళి సాయంత్రం మీ పక్కింటి ఒడియా వాళ్ళు వాకిట్లో పుల్లల కట్ట వెలిగించి, ‘బడబడువా’ అని పెద్దల్ని పిలిచి, చీకట్లో వచ్చి వెలుగులో వెళ్ళమంటారు. సవరల పాత ఆచారంలో చనిపోయినవాళ్ళు పూనకంలో వచ్చి ఇంటివాళ్ళతో మాట్లాడటం, తగువు పడటం, ఏడవటం కూడా ఉంది. మీ చుట్టుపక్కల చనిపోయినవాళ్ళు రావడమంటే చుట్టాలు రావడమే. సినిమా దయ్యమే ఎవరికీ చుట్టం కాదు. తెచ్చి గదిలో పెట్టి చంపిన పరాయి ఊరి పిల్ల. అమ్మ కూడా కూర్చుని చూస్తే నీకన్నా ముందు ఆవిడకే నాగవల్లి మీద జాలి పుడుతుందని నా అనుమానం.

భయం గురించి. రాత్రి పదకొండు దాటాక, దుప్పట్లో, ఫోన్లో, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూసి ఉంటావు. అలా చూస్తే నాకూ కాళ్ళు ఆడవు. హారర్ సినిమాలో సగం పని చెవి మీద జరుగుతుంది. నిశ్శబ్దంగా ఉండి ఉండి ఒక్కసారి పెద్ద చప్పుడైతే, అదేమిటో మెదడుకు అందేలోపే ఒళ్ళు ఎగిరిపడుతుంది. ధైర్యవంతులకూ పిరికివాళ్ళకూ ఒకటే. హిచ్‌కాక్ ‘సైకో’ (1960)లో స్నానాల గది హత్యకు అసలు సంగీతమే వద్దనుకున్నాడు. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వినకుండా వయొలిన్లను కీచుమనిపించి వినిపించాడు. విన్నాక హిచ్‌కాక్ మాట మార్చుకున్నాడు. ఆ నల్లటి రక్తం చాక్లెట్ సిరప్, బ్లాక్ అండ్ వైట్ కాబట్టి ఎవరికీ తెలియలేదు.

నిన్ను ఎక్కువ భయపెట్టిన సన్నివేశం ఏదో గుర్తుంది కదా. పగటిపూట కిటికీలు తీసి, మ్యూట్‌లో పెట్టి దాన్ని మళ్ళీ చూడు. ఒక తలుపు ఉంటుంది. తలుపు మీద కెమెరా అక్కర్లేనంత సేపు ఆగుతుంది. తర్వాత మొహానికి తెల్ల పౌడరు, కళ్ళ కింద మసి పూసుకున్న ఒకమ్మాయి వస్తుంది. నుదుటి దగ్గర విగ్గు అంచు కూడా కనిపిస్తే అదృష్టం. ఒకసారి చప్పుడుతో, ఒకసారి చప్పుడు లేకుండా చూస్తే నిన్ను ఎక్కడ లాగారో తెలిసిపోతుంది. అప్పటికీ భయం పూర్తిగా పోదు, పోకూడదు కూడా. పోతే తర్వాతి సినిమా ఎందుకు?

పెరట్లోకి వెళ్ళే దారిలో బల్బు ఉందా? నాన్నకు చెప్పి ఒక ఎల్ఈడీ పెట్టించు, స్విచ్ గుమ్మం లోపలే ఉండాలి. చీకటి పెరట్లో నువ్వు నిజంగా భయపడవలసినవి పాములు, తేళ్ళు. వాటికి ఏ భాషా రాదు, గోడ మీద రాసినా చదవవు. అంతదాకా టార్చి వేసుకుని, చెప్పులు తొడుక్కుని, అమ్మను లేపి తోడు తీసుకెళ్ళు. 23 ఏళ్ళొచ్చాక తోడు అడగటం సిగ్గు కాదు. రాత్రి పడుకోబోయే ముందు చివరగా చూసేది దయ్యం సినిమా కాకుండా చూసుకో. ఇన్ని చేసినా రోజుల తరబడి నిద్ర పట్టకపోతే, పగలు కూడా గుండె దడ వస్తుంటే, పందెం ఆపేసి డాక్టరుకు చూపించుకో. బిర్యానీ ఖర్చు అప్పుడు నువ్వే పెట్టుకో, ఏం పోదు.

తమ్ముడి విషయంలో సర్టిఫికెట్ చూడు. 2024 నిబంధనలతో సెన్సార్ వాళ్ళు యూఏను 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. ఓటీటీలోనూ సినిమా మొదట్లో ఈ గుర్తులు వేస్తున్నారు. ఏడో తరగతి వాడికి 16+, ‘ఏ’ గుర్తులు ఉన్నవి వద్దంటే వద్దు. పాత సినిమాల మీద ఉత్త యూ, యూఏ అనే ఉంటుంది కాబట్టి ముందు నువ్వు చూసి, తర్వాత వాడిని కూర్చోబెట్టు. ‘చంద్రముఖి’ పగలు మీ అందరి మధ్య చూడనిస్తే ఏమీ కాదు. అసలు వద్దని తోసేస్తే ఎవడో స్నేహితుడి ఫోన్లో ఇంతకన్నా పాడువి చూస్తాడు.

బావ టెలిగ్రామ్‌లో లింకులు పంపిస్తే నొక్కకు. సినిమాతో పాటు ఫోన్లోకి ఇంకేం వస్తాయో చెప్పలేం, పైగా దొంగ సినిమా. డబ్బు ఖర్చు లేకుండా, ఎవరి హక్కులూ కొట్టెయ్యకుండా చూడాలంటే 1922 నాటి జర్మన్ మూకీ ‘నొస్ఫెరాటు’ ఉంది. డ్రాకులా కథను అడగకుండా వాడుకున్నారని స్టోకర్ భార్య కేసు వేస్తే, ప్రింట్లన్నీ నాశనం చెయ్యమని కోర్టు చెప్పింది. అక్కడా ఇక్కడా కొన్ని మిగిలిపోయాయి. ఇప్పుడది ఎవరైనా చూడొచ్చు. గంటన్నర సినిమా, రోజుకు 1.5 జీబీ ప్యాక్‌లో సుఖంగా సరిపోతుంది. ఆ దయ్యం ఏ భాషా మాట్లాడదు కాబట్టి మీ లెక్కలో దానికి పాయింట్లు ఎలా వేసుకుంటారో మీరే తేల్చుకోండి. మాటలు లేని సినిమా కనుక మామ్మ సీరియల్ నడుస్తుండగా పక్కనే కూర్చుని ఫోన్లో చూసుకున్నా ఇద్దరికీ గొడవ లేదు.